ఐదో విజిల్ తర్వాత

స్టవ్ నాబులు నాలుగూ పీకి, జిప్‌లాక్ కవర్లో వేసి, ఆ కవర్ని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని విద్య ఆఫీసుకు వెళ్లిపోయింది. నాగమల్లేశ్వరి వంటింట్లో నిలబడి స్టవ్ వంక చూసింది. నాబులు ఉండాల్సిన చోట నాలుగు ఇనప పుల్లలు పొడుచుకొచ్చి ఉన్నాయి. ఆమెకి ఒళ్లు మండిపోయింది. అరవై ఎనిమిదేళ్లొచ్చాక, తను కని పెంచిన పిల్ల తన చేతికి స్టవ్ అందకుండా చేసి పోయింది. పోట్లాడి చేసినా బాగుండేది. "నీ మంచికేనమ్మా" అని బుగ్గ నిమిరి మరీ పోయింది.

పోనీ అదేమన్నా తెలివైన పనా అంటే అదీ కాదు. దానంతటది వెలిగింది స్టవ్ కింద ఉండే ఓవెన్. ఓవెన్‌కి నాబే లేదు. స్టవ్ వెనకవైపు నిలువుగా ఉండే నల్లటి పలక మీద వేలు పెట్టి నొక్కితే వెలుగుతుంది. కూతురూ సాఫ్ట్‌వేరే, అల్లుడు ఫణికుమారూ సాఫ్ట్‌వేరే, ఇద్దరికీ కలిపి ఆ మాత్రం తట్టలేదు. తట్టలేదని ఈవిడే చెప్పింది. చెప్పినందుకు ఆ సాయంత్రమే ఫణికుమార్ ఆ పలకకి చైల్డ్ లాక్ పెట్టాడు. మనవరాలు నిధి పుట్టి తొమ్మిదేళ్లయినా ఆ ఇంట్లో ఎవరూ వాడని చైల్డ్ లాక్ అమ్మమ్మ కోసం బయటికి వచ్చింది.

అమెరికాలో, మోరిస్‌విల్‌లో కూతురి ఇంటికి ఆమె రావడం ఇది మూడోసారి. భర్త పోయాక ఏటా ఆరు నెలలు వచ్చి ఉంటోంది. వచ్చిన దగ్గర్నుంచి మధ్యాహ్నం వంటంతా ఆమెదే. మూడింటికి వంట మొదలుపెట్టి, అయ్యాక స్టవ్ ఆపి, నిధి స్కూలు బస్సు దిగే మలుపు దాకా నడిచి వెళ్లి పిల్లని తీసుకొస్తుంది. ఈసారి వచ్చి నెలే అయింది. ఈ నెలలో మొదటిసారి అలా తిరిగొచ్చేసరికి ఓవెన్ సెగలు కక్కుతోంది, పలక మీద 350 అని అంకెలు వెలుగుతున్నాయి. ఏ గిన్నె అంచు తగిలిందోలే అనుకుని ఆపేసింది. రెండోసారి లోపలున్న ప్లాస్టిక్ డబ్బా కరిగి మూకుడికి అతుక్కుపోయింది. ఆ ఇంట్లో ఓవెన్ అంటే గిన్నెల బీరువా. పెనాలు, ఇడ్లీ రేకులు, ఎప్పటివో స్వీటు డబ్బాలు, అన్నీ అందులోనే. మూడోసారి పొగ, అలారం, ఫైరింజను. వీధంతా బయటికొచ్చి చూసింది. నిధి చెయ్యి పట్టుకుని గడ్డిలో నిలబడి ఆమె హెల్మెట్లవాళ్లకి శుభ్రమైన ఇంగ్లీషులోనే చెప్పింది, నేను దాన్ని ముట్టుకోలేదు అని. వాళ్లు నవ్వి, తల ఊపి, లోపలికి వెళ్లారు.

తర్వాత రిపేరు మనిషి వచ్చాడు. మంగళవారం పొద్దున పదకొండింటికి. పలక మీద మీటలన్నీ నొక్కి చూశాడు, మీటరు పెట్టి చూశాడు, ఓవెన్ వెలిగించాడు, ఆపాడు. అన్నీ బ్రహ్మాండంగా పనిచేశాయి. "నో ప్రాబ్లమ్ ఫౌండ్" అని కాగితం రాసిచ్చాడు. వెళ్తూ వెళ్తూ విద్యని గుమ్మం దగ్గర ఆపి, మీ అమ్మగారు పగలంతా ఇంట్లో ఒక్కరే ఉంటారా అని గొంతు తగ్గించి అడిగాడు. సోఫాలో కూర్చున్న నాగమల్లేశ్వరికి ప్రతి అక్షరం వినపడింది. చెవులే ఆమెకి ముప్పై ఒక్క ఏళ్లు కూడు పెట్టాయి మరి.

నరసరావుపేట టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో టెస్ట్ డెస్క్ ఆమెది. ఊళ్లో ఎవరి ఫోను మూగబోయినా ఆ కంప్లైంటు ముందు ఆమె చెవిలో పడాల్సిందే. పూర్తిగా చచ్చిన లైనుతో బాధ లేదు, ఎక్కడ తెగిందో వెతికి కలుపుతారు. బాధంతా వస్తూ పోతూ ఉండే ఫాల్టుతోనే. లైన్‌మన్ వెళ్లి చూస్తే లైను బాగానే ఉంటుంది, చీటీ మీద "టెస్టెడ్ ఓకే" అని గిలికి చేతులు దులుపుకుంటాడు. ఆ రెండు మాటలంటే ఆమెకి అసహ్యం. "ఓకే అయితే ఆ పెద్దమనిషికి పనీపాటా లేక మూడు మైళ్లు నడిచొచ్చి మనకి చెబుతున్నాడటయ్యా?" అని చీటీ మొహాన కొట్టేది. ఆమె లెక్క ఒకటే. వస్తూ పోయే ఫాల్టు ఒంటరిగా రాదు. గాలితోనో, తడితోనో, పక్కింటి మోటారుతోనో వస్తుంది. వచ్చిన టైము రాసుకో, అప్పుడు ఇంకేం జరుగుతోందో రాసుకో, అదే దొరుకుతుంది. ఒక పంతులుగారి ఫోను రెండేళ్లు అలాగే ఏడిపిస్తే, అది గాలి వీచిన రోజుల్లోనే పోతోందని పట్టింది ఆమే. వేపకొమ్మ తీగకి రాసుకుంటోంది.

ఆమెకి ఇంకో మొండితనం కూడా ఉండేది. రిజిస్టర్లో చివరి గడి "క్లియర్". లైన్‌మన్ చెప్పాడని ఆ గడి నింపేది కాదు, ఆఫీసరు చెప్పినా నింపేది కాదు. కంప్లైంట్ ఇచ్చిన మనిషికి స్వయంగా ఫోన్ చేసి, వాళ్ల నోటితో "బాగైందమ్మా" అన్నాకే నింపేది. ఆ గడి గురించి ముగ్గురు ఆఫీసర్లతో గొడవపడింది. ముగ్గురూ బదిలీ అయిపోయారు, ఆవిడ మాత్రం అక్కడే రిటైరయింది.

అలాంటి మనిషి మీద ఇప్పుడు "నో ప్రాబ్లమ్ ఫౌండ్" అని రాసి పారేశారు. స్టవ్‌లో ఏమీ లేదంటే ఉన్నదంతా ఈవిడ బుర్రలోనే ఉందని అర్థం. పైగా సాక్ష్యాలన్నీ అటే మొగ్గాయి. విద్య వండిన శని, ఆదివారాల్లో ఓవెన్ ఒక్కసారి కూడా దానంతటది వెలగలేదు. అమ్మ ఒక్కతే ఉన్నప్పుడే వెలిగింది.

బుధవారం మధ్యాహ్నం ప్రింటర్ మీద ఆమెకి ఒక కాగితం కనపడింది. వచ్చే గురువారం, మతిమరుపు పరీక్షలు చేసే మెమరీ క్లినిక్‌లో తన పేరు మీద అపాయింట్‌మెంట్. దానికి ముందు ఇంట్లోవాళ్లు నింపి పంపాల్సిన ఫారం. విద్య నింపేసింది. చెప్పిందే మళ్లీ మళ్లీ చెబుతున్నారా? అవును. కోపం, చిరాకు ఈమధ్య పెరిగాయా? అవును. ఒంటరిగా చిన్నపిల్లల్ని అప్పగించవచ్చా? కూడదు.

మూడో జవాబు దగ్గర ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. బస్సు మలుపు దాకా నడక, పిల్ల బ్యాగు తన భుజానికి మారడం, దారి పొడుగునా ఆ పిల్ల వచ్చీరాని తెలుగులో చెప్పే స్కూలు కబుర్లు, ఇవి పోతే ఈ ఇంట్లో ఇక తను ఎందుకు ఉన్నట్టు? తర్వాత కోపం వచ్చింది. మామూలుగా రాలేదు. ముట్టుకోలేదని రోజూ చెబితే చెప్పిందే చెప్పడమట. ఎవరూ నమ్మట్లేదని మండిపడితే అదీ రోగమట. ఇంకేం చెయ్యాలి, నోరు మూసుకుని అవునమ్మా నేనే వెలిగించి మరిచిపోయానని ఒప్పుకుంటే అప్పుడు ఆరోగ్యంగా ఉన్నట్టా?

అరవాలనిపించింది. అరిస్తే ఫారంలో ఇంకో "అవును" చేరుతుంది. ఆ సంగతి తెలిసి అరుపు మింగడం ఆమె జీవితంలో మింగిన వాటన్నిటికంటే కష్టంగా ఉంది.

లేచి నిధి పాత నోటుబుక్కు ఒకటి తెచ్చింది. స్కేలు పెట్టి గీతలు గీసింది. తేదీ, టైము, కంప్లైంటు, అప్పుడు ఇంకేం జరుగుతోంది, కారణం, క్లియర్. చెయ్యి దానంతటదే గీసేసింది, ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు. ఆ తర్వాత నెలంతా వెనక్కి వెళ్లి ఏ రోజు ఏం వండిందో రాసుకుంటూ పోయింది. రాస్తుండగా ఒక్కసారి పెన్ను ఆగింది. నిజంగానే నేనే నొక్కానేమో. నొక్కి మరిచిపోతే మరిచిపోయానని నాకెట్టా తెలుస్తుంది? ఆ ఆలోచన వచ్చిన మాట నిజం, అబద్ధం ఎందుకు. వచ్చింది, సింకు దగ్గరికి వెళ్లి గ్లాసుడు నీళ్లు తాగి వచ్చి మళ్లీ కూర్చుంది.

ఓవెన్ వెలిగిన మూడు రోజులూ కందిపప్పు. పప్పు అంటే కుక్కరు. ఐదు విజిళ్లు. విద్యకి విజిల్ కుక్కరంటే భయం, శని, ఆదివారాల్లో ఆమె కరెంటు కుక్కర్లోనే అన్నీ వండుతుంది, అది కూత పెట్టదు. అంటే ఫాల్టు అమ్మతో రావట్లేదు, అమ్మ కుక్కరుతో వస్తోంది. మరి కందిపప్పు వండిన రోజులు నెలలో ఐదున్నాయి, మిగతా రెండు రోజులూ ఎందుకు రాలేదు? ఒకరోజు వెనక కుక్కరు పట్టే ఒక్క బర్నరు మీద పులుసు మరుగుతోంది, రెండోరోజు పాలు కాగుతున్నాయి. ఆ రెండు రోజులూ కుక్కరు ముందు బర్నరు మీద పెట్టింది.

పెన్ను కింద పెట్టి స్టవ్ దగ్గరికి వెళ్లింది. వెనక బర్నరు మీద కుక్కరు ఉన్నట్టు చేత్తో కొలిచింది. విజిల్ వచ్చేచోటికి జానెడు దూరంలో నల్లటి పలక. మీటలన్నీ అక్కడే. పప్పు దించినప్పుడల్లా ఆ పలక మీద నీళ్లు కారుతుంటే కొంగుతో తుడవడం ఆమెకి గుర్తొచ్చింది. పైన తుడిచింది సరే, అంచుల్లోంచి లోపలికి దిగిన ఆవిరిని ఎవరు తుడుస్తారు? అది దిగే వేళకి తను బస్సు మలుపులో ఉంటుంది. రాత్రికి ఆరిపోతుంది. రిపేరు మనిషి పదకొండింటికి వచ్చి ఎండిపోయిన పలకని నొక్కి చూసి పోయాడు.

అసలు కుక్కర్ని వెనక బర్నరు మీదకి మార్చమన్నది ఎవరు? పోయిన రెండుసార్లూ ముందు దాని మీదే వండింది, ఏ గొడవా రాలేదు. "ముందు వద్దమ్మా, నిధి చెయ్యి తగులుతుంది, ఎప్పుడూ వెనకే పెట్టు" అని ఈసారి వచ్చిన రోజే చెప్పింది విద్య. తల్లి బుద్ధిగా విన్నది. విన్నందుకు ఇదీ బహుమానం.

ఆ సాయంత్రం ఆమె ఏమీ వివరించలేదు. వివరిస్తే "అలాగేనమ్మా" అని మెత్తగా తల ఊపుతారు, ఆ ఊపడం ఆమె ఇక భరించలేదు. భోజనాల దగ్గర ఒక్కటే అడిగింది.

"ఆదివారం పొద్దున రెండు గంటలు మీరిద్దరూ నాకియ్యండి. నాబులు తెచ్చి పెట్టండి. అల్లుడుగారూ, ఆ లాకేదో తీయండి. నేను అనుకున్నది జరగకపోతే గురువారం నోరెత్తకుండా కారెక్కుతా. నన్ను ఏ డాక్టరుకి చూపించినా సరే."

"అమ్మా, ఇప్పుడు అవన్నీ ఎందుకు? జస్ట్ ఒక చెకప్..."

"ఇస్తావా, ఇయ్యవా?"

విద్య భర్త వైపు చూసింది. ఫణికుమార్ ప్లేటు వైపు చూస్తూ, "ఇద్దాం విద్యా, పోయేదేముంది" అన్నాడు.

ఆదివారం తొమ్మిదింటికి నాగమల్లేశ్వరి స్టవ్‌కి ఎంత దూరంలో ఉండగలదో అంత దూరంలో, హాల్లో గోడకి ఆనించి కుర్చీ వేసుకుని కూర్చుంది. రెండు చేతులూ అందరికీ కనపడేలా నోటుబుక్కు మీద పెట్టుకుంది. నాబులు బిగించిందీ, లాకు తీసిందీ, కుక్కర్లో పప్పు పోసిందీ, మూత పెట్టిందీ, బర్నరు వెలిగించిందీ అంతా ఫణికుమారే. ముందు బర్నరు మీద. ఐదు విజిళ్లు వచ్చాయి. ఆపాడు. అరగంట చూశారు. ఏమీ జరగలేదు.

"ఇప్పుడు అదే పని వెనకదాని మీద," అంది ఆమె.

మళ్లీ పప్పు, మళ్లీ నీళ్లు. వెనక బర్నరు మీద మొదటి విజిల్ రాగానే తెల్లటి ఆవిరి పలకని మొత్తం కప్పేసింది. విద్య అది చూసింది. రెండు, మూడు, నాలుగు, ఐదు. నిధి వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఫణికుమార్ బర్నరు ఆపాడు. అందరూ వెనక్కి వచ్చి నిలబడ్డారు.

ఐదు నిమిషాలు. పది. పలక మీద తడి చారలు కట్టి కిందికి జారింది. పదిహేను. ఫణికుమార్ చేతి గడియారం చూసుకుని, చూసుకున్నట్టు కనపడకూడదని చెయ్యి కిందికి దించాడు. విద్య వచ్చి తల్లి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. కళ్లలో నీళ్లున్నాయి. ఆ నీళ్లు చూస్తే నాగమల్లేశ్వరికి వెయ్యి తిట్లు తిన్నట్టనిపించింది.

"చాలమ్మా. ఇంక లే. నేనేమీ అనుకోను."

నాగమల్లేశ్వరి కదలలేదు. గురువారం కారెక్కుతానని తనే అంది. అన్న మాట అన్న మాటే. ఎక్కుతుంది. ఎక్కి, ఆ డాక్టరు అడిగే ప్రశ్నలకి జవాబులు చెబుతుంది. ఇవాళ ఏ వారం, ఇది ఏ ఊరు.

అప్పుడు బీప్ అని వినపడింది. ఒకటి కాదు, వరసగా రెండు. నల్లటి పలక మీద అంకెలు వెలిగాయి. 350. ఓవెన్ లోపల ఫ్యాను తిరగడం మొదలైంది. దాని చుట్టుపక్కల నాలుగు గజాల్లో మనిషన్నవాడు లేడు.

"అమ్మమ్మా!" నిధి గెంతింది. "యూ డిడ్‌న్ట్ టచ్! నువ్వు టచ్ చెయ్యలే! ఐ సా ఇట్!"

ఫణికుమార్ ఒక్క అంగలో వెళ్లి ఓవెన్ ఆపి, పలక అంచులు తడిమి చూసి, వెనక్కి తిరిగాడు. మొహం వెలిగిపోతోంది. "అత్తయ్యా, చూశారా, స్టీమ్ లోపలికి వెళ్లి కాంటాక్ట్స్ షార్ట్ అవుతున్నాయి. డ్రై అయ్యాక నార్మల్ అయిపోతోంది. అందుకే టెక్నీషియన్‌కి దొరకలేదు. చాలా ఇంట్రెస్టింగ్ అత్తయ్యా ఇది." ఆమె కనిపెట్టినదాన్ని ఆమెకే పాఠం చెబుతున్నాడు. ఆమె వింటూ కూర్చుంది. తిట్టడానికి ఇది కాదులే సమయం అనుకుంది.

విద్య లేచి అటూ ఇటూ తిరిగింది. "మై గాడ్, ఎంత డేంజరో చూడు. రేపే కంపెనీకి కాల్ చేసి పానెల్ మార్పించేద్దాం. లేకపోతే స్టవ్వే మార్చేద్దాం. పాపం దీని మీద రోజూ స్టీమ్ కొడుతుంటే ఏం చేస్తుంది?" స్టవ్ మీద చెయ్యి వేసింది. "పోనీలే అమ్మా, మొత్తానికి తెలిసిపోయింది కదా. ఆ అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేసేస్తా."

స్టవ్ పాపమట. నాగమల్లేశ్వరి కుర్చీలోంచి లేచింది. నెల రోజులుగా మింగినదంతా గొంతులోకి వచ్చింది. అయినా అరవలేదు. అరవకపోవడం ఇప్పుడు ఆమెకి ఎవరూ నేర్పినది కాదు, ఆమె ఇష్టం.

"విద్యా, ఇట్రా. కూర్చో." నోటుబుక్కు తెరిచి కూతురి ముందు పెట్టింది. పెన్ను ఇచ్చింది. "ఇవాళ్టి తేదీ, టైము, కంప్లైంటు నేను రాసే ఉంచా. కారణం గడి నువ్వు నింపు."

విద్య గడులన్నీ చూసింది. నెల రోజుల కూరలు, విజిళ్లు, ఏ బర్నరు, ఏ టైము, ఒక్కటీ తప్పిపోలేదు. ఏ రోజు తను ఆఫీసు నుంచి లేటుగా వచ్చిందో అది కూడా ఉంది. పెన్ను తీసుకుని "ఆవిరి" అని రాసింది.

"అది స్టవ్‌కి కారణం. నేను కంప్లైంట్ ఇచ్చింది స్టవ్ మీద కాదు."

విద్య తలెత్తి చూసింది.

"ముట్టుకోలేదని చెప్పా. ఎన్నిసార్లు చెప్పా? ఫైరింజను వాళ్లకి చెప్పా, నీకు చెప్పా, నీ మొగుడికి చెప్పా. అది ఫారంలో నా రోగం కింద రాశావు. పిల్లని నాకు అప్పగించకూడదని రాశావు. నా పిల్ల నువ్వు. నిన్ను నేనొక్కదాన్నే పెంచా, మీ నాన్న క్యాంపుల్లో ఉంటే. రాయి. కారణం ఏంటో రాయి."

ఫారం సంగతి అమ్మకి తెలుసని విద్యకి అప్పుడే అర్థమైంది. మొహం పాలిపోయింది. ఫణికుమార్ నిధిని తీసుకుని మెల్లగా మేడమీదికి వెళ్లిపోయాడు. చివరికి విద్య "ఆవిరి" కొట్టేసి, దాని పక్కన చిన్న అక్షరాలతో రాసింది: అమ్మ చెప్పింది నమ్మలేదు. రాసి, తల వంచుకుని ఏడ్చింది. "సారీ అమ్మా," అంది. "భయమేసిందమ్మా. నీకేమన్నా అయిపోతోందేమోనని."

నాగమల్లేశ్వరి కూతురి తల మీద చెయ్యి వేసింది. వెయ్యకుండా ఉండలేకపోయింది. కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉంది.

విద్య కళ్లు తుడుచుకుని, చివరి గడి చూసి, "క్లియర్ అని రాసెయ్యనా?" అంది.

నాగమల్లేశ్వరి పెన్ను లాక్కుని మూత పెట్టింది.

"అది రాయాల్సింది నువ్వు కాదు. కంప్లైంట్ ఇచ్చిన మనిషి చెప్పాలి. నేనింకా చెప్పలేదు." నోటుబుక్కు మూసి చంకలో పెట్టుకుని వంటింటి వైపు నడిచింది. "ముందు బర్నరు మీద తాలింపు పెడతా. రెండు కుక్కర్ల పప్పు ఉడికింది, ఎవరు తింటారో ఏమో. రేపు మూడు నలభైకి బస్సు. నిధిని ఎప్పట్లాగే నేనే తెస్తా, ఎవర్నీ అడిగేది లేదు."